రెండు మెట్లు చల్లది

నేను ఒక చల్లని స్పార్క్ ప్లగ్గును. చల్లని అన్నారు కదా అని ఇంజను జోరు మీద ఉన్నప్పుడు ముట్టుకునేరు, వేలు బొబ్బ లేస్తుంది. ఒంటికి పట్టిన వేడిని నిలవనివ్వకుండా ఇంజనులోకి దిగవిడిచేస్తాను కాబట్టి నాకు ఆ పేరు. నా పింగాణీ ముక్కు పొట్టిది. ముక్కు పొడుగ్గా ఉన్నవాళ్ళలో వేడి అక్కడే నిలిచిపోతుంది, వాళ్ళు వేడి ప్లగ్గులు. మీలోనూ కొందరికి కోపం ముక్కు మీదే ఉంటుందంటారుగా, అలాంటివాళ్ళన్నమాట.

మట్టిని మెత్తగా నూరి, అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చి నాకు ముక్కు చేశారు. ఉక్కు చొక్కా తొడిగి, దానికి మరలు కోసి, పక్కన ఎనిమిది అనే అంకె గుద్దారు. మా కంపెనీ లెక్కలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లబడుతుంది. మామూలు కార్లకు ఆరు, నా పక్కన పెడితే అది వేడిదే. రేసులకు పోయే ఇంజన్లకు ఎనిమిది.

రేసు ఇంజన్లు ఎక్కడున్నాయో గాని బెజవాడ ఆటోనగర్లో మాత్రం లేవు. పట్టాభి అనే ఆయన విడిభాగాల దుకాణంలో, అన్నిటికన్నా పై అరలో రెండేళ్ళు పడి ఉన్నాను. కింది అరలో ఆరో నంబరు వాళ్ళు వేడి వేడి మిరపకాయ బజ్జీల్లా అమ్ముడుపోయేవారు. నన్ను దుమ్ము తుడిచే గుడ్డ తప్ప ఎవరూ పలకరించలేదు. పని కోసం పుట్టి పని లేకుండా కూర్చోవడం ఎంత కష్టమో అక్కడే తెలిసింది.

ఒక మధ్యాహ్నం సిలార్ సాహెబు వచ్చాడు. అరవై ఆరేళ్ళ మెకానిక్కు. తెల్లగడ్డం, గ్రీజు వదలని గోళ్ళు.

"ఎనిమిదో నంబరు ఉన్నాయా పట్టాభీ? ఐదు కావాలి."

"చల్లవా? నువ్వా అడిగేది?" పట్టాభి నవ్వాడు. "వేడి ప్లగ్గు సాహెబని నీకు పేరే ఉంటే!"

సాహెబు నవ్వలేదు. నాలుగు సిలిండర్లకు ఐదు ప్లగ్గులు కొనడం ఆయన అలవాటు, ఒకటి అదనంగా చేతిలో ఉండాలని. అలా మేం ఐదుగురం ఒక పాత రుమాల్లో మూటై ఆయన షెడ్డుకు చేరాం.

భార్య పోయి ఆరేళ్ళయిన ఆ మనిషికి షెడ్డులో మాట్లాడేందుకు ఎవరూ లేరు. ప్లగ్గు కొస దగ్గర సందును సన్నటి రేకుతో కొలుస్తూ, ఆయన తన గోడంతా నాకు చెప్పుకున్నాడు. వినడం తప్ప నేను చేయగలిగిందీ లేదు.

ఆయన నలభై ఏళ్ళు టాక్సీలు బాగుచేశాడు. అప్పట్లో టాక్సీవాళ్ళు పెట్రోల్లో కిరసనాయిలు కలిపి నడిపేవారు. ప్లగ్గులు మసి కొట్టుకుపోయి బండ్లు నడిరోడ్డు మీద మొరాయించేవి. సిలార్ సాహెబు వేడి ప్లగ్గు బిగిస్తే మసి దానంతటదే కాలిపోయేది, బండి గుర్రంలా పరుగెత్తేది. ఆటోనగరంతా ఆయన దగ్గర ఈ కిటుకు నేర్చుకుంది. తరవాత కంప్యూటరుతో ఇంజను చూసే షెడ్లు వచ్చాయి, టాక్సీలు అటు పోయాయి.

మిగిలింది హైమవతి ఒక్కతే. ముప్పై నాలుగేళ్ళ మనిషి, డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. వారమంతా పక్క సీట్లో కూర్చుని "బ్రేకు, బ్రేకు" అని అరిచే ఆ మనిషికి ఆదివారం వచ్చేసరికి ఆగకుండా పరుగెత్తాలని కోరిక. ఒక పాత కారు కొని, సాహెబు చేత దానికి టర్బో బిగించుకుంది. అది ఇంజనులోకి గాలిని దబాయించి తోస్తుంది. గాలి పెరిగితే లోపల మంట పెరుగుతుంది, మంట పెరిగితే చల్లని ప్లగ్గు పడాలి. ఈ సంగతి ఆమెకు చెప్పిందీ సాహెబే. ప్రతి ఆదివారం ఇద్దరూ టీ తాగుతూ ఇంజను గురించి వాదించుకునేవారు. ఆ ఒక్క రోజు కోసమే ఆయన మిగతా ఆరు రోజులూ షెడ్డు తెరిచేవాడు.

మమ్మల్ని కొనక ముందు సంగతి ఇది: తీరా బిగించే రోజున నలభై ఏళ్ళ అలవాటు చొప్పున ఆయన చెయ్యి ఆరో నంబరు డబ్బా మీదకే పోయింది. రేసుకు ముందు పరీక్షగా తానే తోలి చూస్తే మూడో సిలిండరులో పిస్టనుకు చిల్లు పడింది. విప్పి చూస్తే ప్లగ్గు ముక్కు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. వేడెక్కి చచ్చిందని ఆయనకు చూడగానే తెలిసింది. హైమవతి వచ్చేలోపు ఆ ప్లగ్గుల్ని మురికి కాలువలో పారేశాడు.

"ఏమైంది బాబాయ్?" అని ఆమె అడిగితే, "పెట్రోలు కల్తీ అమ్మాయ్," అన్నాడు. నలభై ఏళ్ళు తిట్టిన తిట్టు, తడుముకోకుండా వచ్చేసింది.

ఆమె తిన్నగా తాను పెట్రోలు పోయించుకునే బంకుకు వెళ్ళి, పంపు దగ్గర పెట్రోలు పోసే సలోమి అనే ఆమెను అందరి ముందూ దొంగ అని కడిగేసింది. యజమాని సలోమిని పంపు దగ్గర నుంచి తీసేసి ఊడ్చే పనికి వేశాడు. ఆదివారం టీ తాగుతూ హైమవతి ఇదంతా గొప్పగా చెప్పింది. సాహెబు గ్లాసు నింపుతూ విన్నాడు.

"ఆ నిమిషమే చెప్పాల్సింది," అన్నాడు నాతో. "చెబితే మళ్ళీ రాదని భయమేసింది."

మనుషుల తెలివి చూడండి. ఇంజనుకు ఏ ప్లగ్గు పడుతుందో ముక్కు రంగు చూసి చెప్పగల మనిషి, ఒక అబద్ధం ఎంత వేడికి తట్టుకుంటుందో తెలుసుకోలేకపోయాడు.

కొత్త పిస్టను వేసి, ఆమెకు చెప్పకుండా మా నలుగురినీ బిగించాడు. నాకు ఆ మూడో సిలిండరే దక్కింది. ఐదోది డబ్బాలో ఉండిపోయింది.

రేసు జరిగింది ఉదయం పూట, విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద. జెండా పడింది. పద్నాలుగు సెకన్లు. నా బతుకులో బతికానని చెప్పుకోదగ్గవి అవే. గాలి, మంట, గాలి, మంట. లెక్క పెట్టలేనన్నిసార్లు వెలిగాను, పట్టిన వేడిని పట్టినట్టే విడిచాను. మిగతా ముగ్గురూ నాతో సమంగా వెలుగుతున్నారని తెలుస్తూనే ఉంది. నేను ఒంటరిగా లేనిది ఆ పద్నాలుగు సెకన్లే.

గీత దాటగానే ఆమె ఇంజను ఆపేసి కారును ఊరికే దొర్లనిచ్చింది. జోరు మీద ఆపి వెంటనే విప్పితేనే ప్లగ్గు నిజం చెబుతుందని సాహెబు నేర్పిన పద్ధతి. ఆయన రొప్పుతూ వచ్చేసరికి హైమవతి బానెట్టు ఎత్తి, నన్ను విప్పి, గుడ్డలో పట్టుకుని ఉంది.

"చూడు బాబాయ్, బిస్కెట్టు రంగు! పిస్టను పోయిన గదిలోనే ఎంత చక్కగా కాలిందో!" చిన్నపిల్లలా ఎగిరింది. నన్ను వెలుగులో తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఆగింది.

"ఎనిమిది. ఇవి కొత్తవి కదా. ముందు వేసినవి ఎంత?"

ఆయన చేతిలోని ప్లగ్గుల డబ్బా మూత బిగించాడు.

"బాబాయ్, నిన్నే. ఎంత?"

"ఆరు."

"టర్బోకి ఆరా?"

"చెయ్యి దాని మీదకే పోయిందమ్మా. నలభై ఏళ్ళ అలవాటు."

"మరి పెట్రోలు?"

"పెట్రోలు మంచిదే అమ్మాయ్."

ఆమె గుడ్డ కొసతో నన్ను తుడిచి మళ్ళీ చూసింది. అబద్ధమాడటం చేతకాని ఒళ్ళు నాది. ఆ రోజు మాత్రం నా మీది అంకె చెరిగిపోతే బాగుండుననుకున్నాను.

"పిస్టనుదేముంది, ఇంకోటి దొరికింది," అంది చివరికి. "ఆ సలోమిని అంతమందిలో దొంగ అన్నాను. నాకు టీ పోస్తూ విన్నావు కదా."

ఆయన చేతిలోని డబ్బా తీసుకుని, ఐదో ప్లగ్గును నా చోట బిగించుకుంది. నన్ను గుడ్డతో సహా ఆయన అరచేతిలో పెట్టింది. కారెక్కి వెళ్ళిపోయింది. నా వాళ్ళు ముగ్గురూ ఆ కారులో పోయారు.

తరవాత నాలుగు ఆదివారాలు ఆమె రాలేదు. సాహెబు ప్రతిసారీ రెండు గ్లాసులు కడిగి, ఒకదాంట్లోనే టీ పోసుకున్నాడు. బయట ఏ కారు చప్పుడైనా తల ఎత్తేవాడు. ఆయన చొక్కా జేబులో ఉన్నాను కాబట్టి, ఎత్తిన తల దించేటప్పుడు వచ్చే నిట్టూర్పు నాకే ముందు తెలిసేది.

ఐదో ఆదివారం ఉతికిన చొక్కా వేసుకుని, నన్ను జేబులో వేసుకుని బంకుకు నడిచాడు. సలోమి మళ్ళీ పంపు దగ్గరే కనిపించింది, చొక్కా మీది పేరు పట్టీ చూసి పోల్చుకున్నాడు. బండ్ల వరసలో బండి లేకుండా నిలబడ్డాడు. ఆయన వంతు వచ్చింది.

"బండేదండీ?" అంది సలోమి.

"బండి లేదమ్మా. మొన్నామధ్య కారు పాడైందని ఒకమ్మాయి నిన్ను నానా మాటలూ అంది చూడు..."

"ఆ మేడమా? నెల కిందటే వచ్చి అందరి ముందూ చెప్పేసిందండి. ఇంజను కట్టినాయన తప్పేం లేదంట, ప్లగ్గులు తానే తప్పుగా ఎంచుకుందంట. మా ఓనరు మళ్ళీ నన్ను పంపు దగ్గరేశాడు."

సాహెబు చెయ్యి జేబు మీదకు వచ్చింది. చొక్కా మీదుగా నన్ను గట్టిగా పట్టుకున్నాడు.

"ఆమె కాదమ్మా ఎంచుకుంది. నేను. తప్పు నాది."

"ఎవరిదైతే ఏంటి పెద్దాయనా, తేలిపోయిందిగా. కాస్త పక్కకు జరగండి, ఎనకాల బండ్లున్నాయి."

ఆయన పక్కకు జరిగాడు. గాలి కొట్టే మిషను దాటి షెడ్డు దారి పట్టాడు. ఆయన పరువు కాపాడి, ఆయన గడప తొక్కకుండా ఉండిపోయింది హైమవతి. ఆమె ఇంటికి వెళ్ళి తలుపు కొట్టే ధైర్యం ఈయనకు లేదు. చెప్పాల్సిన మాట చెప్పాడు, తీసుకునేవాళ్ళే లేకపోయారు.

ఇప్పుడు షెడ్డులో ఆయన బల్ల మీద ఉంటున్నాను. పని లేని సాయంత్రాల్లో నన్ను చేతిలోకి తీసుకుని, "తప్పు నాదే అమ్మాయ్," అంటాడు. రోజూ అంటాడు. నేను పద్నాలుగు సెకన్లు వెలిగిన ఇనుప ముక్కను. వేడి పట్టుకోవడం వచ్చు, విడవడం వచ్చు. క్షమించడం నాకు రాదు.