చందనోత్సవం నాటి డ్యూటీ

సింహాచలం కొండెక్కి స్వామి ముందు చేతులు జోడించిన ప్రతిసారీ అర్జునరావుకి అదే సందేహం వచ్చేది. ఏడాది పొడుగునా స్వామి చందనం కిందే ఉంటాడు. వైశాఖంలో ఒక్కరోజు, చందనోత్సవం నాడు, ఆ పూత తీస్తే నిజరూపం కనిపిస్తుంది. మరి మిగతా రోజుల్లో తాను దండం పెడుతున్నది ఎవరికి? కంటికి కనిపించే చందనానికా, లోపలున్న ఆయనకా? పూజారిని అడగడానికి బెరుకు. ఇంట్లో అడిగితే భార్య సూర్యకళ, "కళ్లు మూసుకుని పెట్టుకో, ఆ తగువే ఉండదు," అంది. సందేహం అలాగే ఉండిపోయింది. దండాలు మాత్రం ఆగలేదు.

నాలుగేళ్ల కిందట ఓడమీద అర్జునరావుకి అలాంటిదే ఇంకోటి ఎదురైంది.

ఓడల ట్యాంకుల్లో ఎంత ఇంధనం మిగిలిందో కొలిచి రాసిచ్చే చిన్న కంపెనీలో అర్జునరావు పని. విశాఖ బ్రాంచిలో కొలతలు తీసేవాళ్లు ఇద్దరే. రెండోవాడు ఎల్లారావు. చుట్టరికం ఏమీ లేదు, అయినా ఒకరికొకరు బావే. ఆ ఏడు కంపెనీ పద్ధతి మార్చింది. మెయిళ్లూ, లెక్కలూ అన్నీ హెడ్డాఫీసు కంప్యూటర్లోనే ఉంటాయి. చేతిలో ఉన్న లాప్‌టాప్ తెరమీద కనిపించేది వాటి బొమ్మ మాత్రమే. దానికి రిమోట్ డెస్క్‌టాప్ అని పేరు. ఆ సంగతి అర్జునరావుకి సరిగ్గా ఎక్కలేదు. లాంచీ ఎక్కేముందు జెట్టీలో కావలసిన మెయిళ్లన్నీ ఒక్కొక్కటే తెరిచి పెట్టుకున్నాడు. అవి చెదిరిపోకుండా మూత మెల్లగా మూసి, పసిబిడ్డను తీసుకెళ్లినట్టు ఒళ్లో పెట్టుకుని వెళ్లాడు. రేవు బయట లంగరు వేసిన ఓడ ఎక్కి మూత తీస్తే తెరంతా బూడిదరంగు. నెట్‌వర్క్ లేదు కాబట్టి బొమ్మా లేదు. ఏ ట్యాంకులు కొలవాలో చెప్పే మెయిలు అందులోనే ఉంది.

ఓడ రేడియోలో కబురు పెడితే, ఆ మెయిలు అచ్చుతీసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పొట్టకి కట్టుకుని లాంచీలో వచ్చినవాడు ఎల్లారావు. ఆరోజు చందనోత్సవం. కొండమీద క్యూలో సగం దూరం నడిచాక ఫోను మోగితే, వెనక్కి దిగి వచ్చేశాడు.

"వచ్చేయేడు సూస్తానులే బావా. స్వామి ఎక్కడికి పోతాడు," అన్నాడు తాడు నిచ్చెన పట్టుకుని ఒగరుస్తూ.

వచ్చే ఏడు కుదరలేదు. ఆ తర్వాతా కుదరలేదు. ఆనాటి గొడవతో కంపెనీ ఒక నియమం పెట్టింది: ఒకరు ఓడెక్కితే రెండోవాడు ఒడ్డున కూర్చుని మెయిళ్లు చూసి రేడియోలో చదివి చెప్పాలి. ఓడలకి పండగలు తెలియవు. ప్రతి చందనోత్సవానికీ ఏదో ఒకటి వచ్చి లంగరు వేసేది. ఎల్లారావు పల్లెత్తు మాట అనలేదు. అదే అర్జునరావుని ఎక్కువ బాధపెట్టేది.

ఈసారి ఉగాది వెళ్లగానే అర్జునరావు ఆఫీసు కంప్యూటర్లు చూసే సత్యశ్రీ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

"అమ్మా, మెయిలు లాప్‌టాప్‌లోనే ఉండాల. నెట్‌వర్క్ లేకపోయినా తెరుచుకోవాల. అవుతాదా, అవదా?"

"అవుతుంది సార్. ఒప్పుకోరు. లాప్‌టాప్ సముద్రంలో పడితే కంపెనీ మెయిళ్లు బయటపడిపోతాయంటారు."

"సముద్రంలో పడితే సేపలు సదువుకుంటాయేటి?"

సత్యశ్రీ నవ్వింది. "దారి ఉంది సార్. మిగతావన్నీ అక్కడే ఉంచి, మెయిళ్లు మాత్రం తాళం వేసి మీ లాప్‌టాప్‌లో దాచొచ్చు. పాస్‌వర్డ్ తెలియనివాడికి తెరుచుకోవు. కానీ హెడ్డాఫీసు ఒప్పుకోవాలి. నేను అడిగాను, పరిశీలిస్తామన్నారు."

"ఇంక నాను అడుగుతాను."

ప్రతి సోమవారం ఒక మెయిలు పెట్టాడు. పరిశీలిస్తామనే జవాబొస్తే ధన్యవాదాలు చెప్పి మళ్లీ పెట్టాడు. చివరికి మేనేజరుకే ఫోను చేశాడు. ఒడ్డున మనిషి కూర్చోనక్కర్లేకపోతే, అచ్యుతాపురం ఫ్యాక్టరీల ట్యాంకులు కొలిచే పని కూడా మనమే ఒప్పుకోవచ్చని చెప్పాడు. ఆ మాట పనిచేసింది. ఒక్క లాప్‌టాప్‌కి, ఒక్క ఓడకి, చూద్దామన్నారు. చెడితే మళ్లీ పాత పద్ధతే. ఆ ఓడ వచ్చేది చందనోత్సవం నాడు.

"ఫోను ఇంట్లో పడేసి ఎల్లు," అన్నాడు అర్జునరావు ఎల్లారావుతో.

"నీకు అవసరమొస్తే?"

"అందుకే పడెయ్యమన్నాను."

సత్యశ్రీ ఒకటే జాగ్రత్త చెప్పింది. ఒడ్డు వదిలేముందు మెయిళ్లు పూర్తిగా లాప్‌టాప్‌లోకి దిగాలి. తెర అడుగున గీత నిండేదాకా మూత మూయకూడదు.

ఆ పొద్దున జెట్టీలో గీత ముప్పావు నిండి ఆగిపోయింది. ఏదో పెద్ద మెయిలు దిగుతోంది. లాంచీ నడిపే తాతబాబు ఇంజను వేసి కేక పెట్టాడు.

"బావా, దానికి పాలు పడతన్నావేటి? ఎక్కు."

"గీత నిండనీ."

"ఏ గీత?"

"నా నుదుటి గీత. ఆగు."

"కెప్టెన్ తిడతాడు."

"నన్ను కదా తిట్టేది. నువ్వెల్లిపోతే ఎల్లిపో. ఆ కొలతలు నువ్వే తీసి రాసిచ్చెయ్."

తాతబాబు ఇంజను ఆపి బీడీ వెలిగించాడు. అర్జునరావు లాప్‌టాప్ మీద ఎండ పడకుండా తువ్వాలు కప్పి, దాని కింద తలదూర్చి కూర్చున్నాడు. గీత నిండింది. ఇంకోసారి చూసి, మూత మూశాడు.

ఓడమీద నెట్‌వర్క్ లేదు. మూత తీస్తే అక్షరాలు నిలిచి ఉన్నాయి. చీఫ్ ఇంజనీరు అడుగు ట్యాంకు కొలవనక్కర్లేదన్నాడు. అర్జునరావు లాప్‌టాప్ అతనివైపు తిప్పాడు. అడుగు ట్యాంకు కూడా కొలవమని ఆ పొద్దున వచ్చిన మెయిల్లో ఉంది. ఇంజనీరు రెండుసార్లు చదివి, కొలత టేపు తెమ్మని మనిషిని కేకేశాడు.

కొలతలయ్యాక రిపోర్టు రాసి 'సెండ్' నొక్కాడు. అది వెళ్లలేదు. అవుట్‌బాక్స్‌లో కూర్చుంది. ఒడ్డు దగ్గరపడ్డాక దానంతట అదే వెళ్తుందని సత్యశ్రీ చెప్పింది గానీ, తిరుగు లాంచీలో అర్జునరావు మనసు నిలవలేదు. రాయవలసింది రాశాడు, పంపవలసింది పంపాడు. చేరినట్టా, చేరనట్టా? కొండ ఉన్న దిక్కుకి తిరిగి దండం పెట్టాడు. ఎవరికి అన్న పాత ప్రశ్న లేవనే లేచింది. పోనీలే, అదీ పక్కన కూర్చుంటుందనుకున్నాడు.

రేవు ముందున్న డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర మలుపు తిరిగేసరికి ఫోనుకి సిగ్నల్ తగిలింది. దాన్ని లాప్‌టాప్‌కి కలిపాడు. అవుట్‌బాక్స్ ఖాళీ అయింది. జెట్టీ చేరేలోపే మేనేజరు దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చింది: 'అందింది.'

జెట్టీ మీద ఎల్లారావు నిలబడి ఉన్నాడు. చొక్కా నలిగి ముద్దయింది, నుదుట చందనం ఎండిపోయింది.

"సూసినావా?"

"సూసినాను బావా."

"ఎలాగున్నాడు?"

"తోసేసినారు. రెప్పపాటే. ఏటి సెప్పమంటావు." ఎల్లారావు ఆకులో మడిచి తెచ్చిన చందనం తీసి, తనే అర్జునరావు నుదుట పెట్టాడు.

"మరి నా బాకీ తీరినట్టేనా?"

"తీరింది. నాలుగేళ్లబట్టి నన్ను సూసినప్పుడల్లా ముఖం అదోలా పెడతన్నావు. ఇంక మానెయ్."