నిద్రలో పెరిగిన సెల్లు

కార్మికుల పేట వడోద్‌లో మధ్యాహ్నం అన్నం తిన్నాక మగ్గాల చప్పుడే మనిషిని జోకొడుతుంది. కింది అంతస్తులో ఆడే పవర్‌లూముల అదురు నేలలోంచి చాపలోకి, చాపలోంచి వీపులోకి పాకుతుంది. ఆ అదురులోనే వజ్రమ్మకు కన్ను మూతపడింది. వారంగా వస్తున్న కలే మళ్లీ వచ్చింది. కోడిగుడ్ల అట్టలో నిలబెట్టిన అయిదు బ్యాటరీ సెల్లులూ నీలం చీరలు కట్టుకున్న ఆడవాళ్లై నీళ్ల ట్యాంకరు కోసం వరుసలో నిలబడ్డాయి. చివరామె మాత్రం ఎప్పటిలాగే నడుం వంచుకుని ఉంది.

గుడ్ల అట్ట నిజంగానే గూట్లో ఉంది. వజ్రమ్మ ఒకప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు కట్టే కార్ఖానాలో పనిచేసింది. అది మూతపడ్డాక ఇంట్లోనే డ్రిల్లు మిషన్ల పాత బ్యాటరీలు విప్పి, చచ్చిన సెల్లులు తీసేసి, బతికున్నవి చేర్చి, నికెల్ పట్టీలతో అతికి ఇస్తోంది. పాత సెల్లును వాడేముందు నిండా చార్జి చేసి ఊరికే వదిలేయడం ఆమె పద్ధతి. మంచిదైతే నిండుగానే ఉంటుంది. లోపల జబ్బున్నది ఏ పనీ చేయకుండానే రోజుకింత దిగిపోతుంది.

ఈసారి బ్యాటరీ బయటివాళ్లది కాదు. ఆమె పెనిమిటి పరమేశ్వర్‌కు మగ్గాల పని పోయి నెలలైంది. ఎత్తయిన భవనాలకు అద్దాల కిటికీలు బిగించే మేస్త్రి ఒకాయన సొంత డ్రిల్లుంటే సోమవారం పనిలోకి రమ్మన్నాడు. పాత సామాన్ల సంతలో డ్రిల్లయితే దొరికింది గానీ దాని బ్యాటరీలో ప్రాణం లేదు. అయినా పరమేశ్వర్ దాన్ని తుడిచి తుడిచి పెట్టుకున్నాడు. గోడకు గురిపెట్టి నోటితోనే గిర్రుమనిపించాడు. ఇన్నాళ్లకు ఆ మొహంలో నవ్వు చూసింది వజ్రమ్మ. అయిదో సెల్లు దిగిపోతోందని ఆమె చెప్పిన రోజున ఆ నవ్వు ఆగిపోయింది. మరొకటి దొరకాలి, దొరికినా అది మళ్లీ కొన్నాళ్లు అట్టలో నిద్రపోవాలి. సోమవారం రేపే.

కలలోంచి లేచి, మత్తు వదలకుండానే చార్జి కొలిచే మీటరు అందుకుంది. నాలుగు సెల్లులూ నిన్నటిలాగే ఉన్నాయి. అయిదోది వాటితో సమానంగా ఉంది. మళ్లీ పెట్టి చూసింది. అదే అంకె. నీలం చీర ఆమె నడుం నిటారుగా చేసుకుని నవ్వినట్టయింది. ఎంత హాయి అనిపించిందంటే, అతకడానికి పట్టీలు అందుకోబోయి చెయ్యి చాచింది కూడా. ఇంకో చేతిలోని సెల్లు గోరువెచ్చగా తగిలింది. మిగతావి చల్లగా ఉన్నాయి.

పరమేశ్వర్ గడప మీద కూర్చుని సందులోకి చూస్తున్నాడు.

"దీన్ని చార్జింగుల పెట్టినవా?" అంది.

"నేనెందుకు పెడత? మంచిగ పండుకొని లేసింది గద, బలమొచ్చిందేమో."

"పండుకున్న సెల్లు తగ్గుతది గని పెరగదు."

అతను గడప మీదనుంచి ఇటు తిరిగాడు.

"జర కొన్ని దినాలు నడిస్తె సాలు వజ్రమ్మా. మేస్త్రి ముంగట ఒట్టి చేతుల్తోని ఎట్ల నిలవడాలె?"

"నడుస్తది. ఇది ముందుగాల అయిపోతది. మిగిలిన నాలుగు దీన్ని గుంజుకపోతయి. ఎక్కడ కాగుతదో ఎవలకెర్క? నిచ్చెన మీద నీ నడుముకాడనే కాగి మండొచ్చు. నేనైతే అతకను."

అతికేస్తే అతను నవ్వుతాడు. ఆ నవ్వు ఎంత దగ్గర్లో ఉందో ఆమెకు తెలుసు. సెల్లు రెండు కొనలకూ టేపు చుట్టి పనికిరానివాటి డబ్బాలో వేసింది. పరమేశ్వర్ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

చీకటి పడ్డాక వచ్చాడు. డ్రిల్లు తయారయ్యేదాకా బిగించేవాళ్లకు అద్దం పట్టుకుని నిలబడమన్నాడట మేస్త్రి. ఆ మాట ఆమెతో కాక గోడతో చెప్పినట్టు చెప్పాడు. కుర్రాళ్ల పని అది. వజ్రమ్మ అన్నం పెట్టింది. అతను తిన్నాడు.

మర్నాడు అతను వెళ్లాక బట్టలారేయడానికి మేడెక్కింది. కొత్త మేడలు లేస్తున్న వేసు పేట వైపు, మంచులాంటి పొగలో, సగం లేచిన భవనాలు నేలకు ఆననట్టు తేలుతున్నాయి. వాటిలో అతను పనికెళ్లింది ఏదో తెలియదు. తడి చీర చేతిలోనే పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఎక్కడో పైఅంతస్తులో ఒక అద్దం ఎండకు తళుక్కుమంది, కాస్త కదిలింది, తర్వాత కదలకుండా నిలిచింది.