అవునన్నందుకు

ఆ గదిలో తెలుగు తెలిసిన మనిషి ఫరహ్ ఒక్కతే కాదు. బల్లకి అవతల, విచారణ కమిటీలో విద్యార్థుల ప్రతినిధిగా తన్మయి కూర్చుని ఉంది. సిడ్నీలో, గిరావీన్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. ఇంట్లో తెలుగు వింటుంది, ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఆ కుర్చీ దొరికినప్పుడు తల్లి సీతాదేవి తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకుంది.

ఫరహ్‌ది కడప. ప్రజారోగ్యంలో మాస్టర్స్ చదవడానికి వచ్చింది. పెండిల్ హిల్‌లో ఒక ఇంట్లో ఆరుగురు ఉంటారు, ఒకరికి అర్థం కానిది ఇంకొకరు చెప్పుకుంటారు. ఆ అలవాటే నేరమైంది. జవాబులు ఒకదాన్నొకటి పోలి ఉన్నాయని యూనివర్సిటీ పదకొండు మందికి నోటీసులు పంపింది. పదకొండూ మన వైపు పేర్లే. లైబ్రరీలో వాళ్ళ పక్కనే కూర్చుని అవే నోట్సు రాసుకున్న ఇద్దరు తెల్ల పిల్లలకి ఒక్క ముక్క రాలేదు. ఒక్కొక్కరినీ విడిగా రమ్మన్నారు. మొదటి వంతు ఫరహ్‌ది.

గంటసేపు అడిగి, చివర్లో కమిటీ అధ్యక్షుడు, "డిడ్‌న్ట్ యూ కాపీ దిస్?" అన్నాడు.

"ఎస్ సర్," అంది ఫరహ్.

మనకి ఇందులో వింతేముంది? అన్నం తినలేదా అంటే "ఆఁ, తినలేదు" అంటాం. మీరన్నది నిజమే, కాపీ కొట్టలేదు సర్ అని ఫరహ్ ఉద్దేశం. ఇంగ్లీషులో మాత్రం ఆ ఎస్‌కి, అవును కొట్టాను అని అర్థం. ఆ రెండో సగం నోట్లోంచి వచ్చేలోగా ఆయన చాలన్నట్టు చెయ్యెత్తాడు. తప్పు ఒప్పుకున్నదని కాగితం మీద రాసుకున్నాడు.

తన్మయికి అర్థమైంది. తల్లి రోజూ అలాగే మాట్లాడుతుంది మరి. నోరు తెరవబోయి మూసుకుంది. తెరిస్తే తాను కూడా బల్లకి ఇవతలి మనిషినైపోతానని భయపడింది. సిగ్గుపడాల్సిన భయం అది, ఆ పిల్లకీ తెలుసు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. ఫరహ్‌ని కోర్సులోంచి తీసేశారు. కోర్సు పోతే వీసా పోతుంది. అప్పీలుకి పది రోజులు గడువిచ్చారు.

ఆదివారం మధ్యాహ్నం గిరావీన్ పార్కులో, బార్బెక్యూ బల్లల దగ్గర, నోటీసులు వచ్చినవాళ్ళూ వాళ్ళ స్నేహితులూ చేరారు. రత్నకుమారి మాట్లాడుతోంది. గుంటూరు మనిషి, పొద్దున వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి మధ్యాహ్నం క్లాసుకి వెళుతుంది. "విడివిడిగా పిలుస్తున్నారు. విడివిడిగా వణికిపోతున్నాం. ఇక ఒక్కళ్ళం కూడా ఒంటరిగా వెళ్ళొద్దు," అంది.

తర్వాతి విచారణ శేషాద్రిది. అతను ఒప్పుకోలేదు. చదువుకోడానికి వచ్చామా, జెండాలు పట్టుకోడానికి వచ్చామా అని అడిగాడు. గుంపుగా వెళితే అందరి వీసాలూ పోతాయన్నాడు. తలవంచుకుని వెళ్ళిన ఫరహ్‌ వీసా ఏమైందని ఎవరో ఎదురడిగారు. మాటా మాటా పెరిగింది.

అప్పుడు వెనక నుంచి తన్మయి ముందుకొచ్చింది. ఆమెని ఎవరూ పిలవలేదు.

"ఐ వాజ్ ఇన్ దట్ రూమ్," అని ఆగింది. తర్వాత తెలుగులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది. "ఫరహ్ చెప్పింది నాకు అర్థం అయింది. నేను చెప్పలేదు."

ఎవరో ఛీ అన్నారు. రత్నకుమారి ఆమెని ఎగాదిగా చూసింది. "మమ్మల్నంటే పంపించేస్తారు. నువ్వు ఇక్కడే పుట్టావు, నిన్ను పంపించెయ్యడానికి వేరే దేశం కూడా లేదు. నీకెందుకమ్మా అంత భయం?"

తన్మయి ఏడుస్తూ ఇంగ్లీషులోనే చెప్పింది. స్కూల్లో తన టిఫిను వాసనకి పక్కన ఎవరూ కూర్చోని రోజులున్నాయనీ, అవి మళ్ళీ రాకూడదని చిన్నప్పటి నుంచీ వాళ్ళలా ఉండటమే నేర్చుకున్నాననీ చెప్పింది.

ఫరహ్ మెల్లగా అంది. "నాకు ఇంగ్లీషు సరిగ్గా రాకనే ఇట్లయిందని నాలుగు దినాలుగా నన్ను నేనే తిట్టుకుంటాండా. నీకు తెలిసి కూడా ఊరకే కూచున్యావా, తన్మయీ?"



మర్నాడు తన్మయి జరిగినదంతా రాసి, సంతకం పెట్టి, అప్పీలుకి జత చేసింది. ఆ స్టూడెంట్ల గొడవలో నువ్వెందుకు తల దూర్చావని ఇంట్లో సీతాదేవి గోల పెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఇక్కడ డాక్టరుగా పనిచేస్తున్న తండ్రి సుబ్బరాజు మాట్లాడటమే మానేశాడు. యూనివర్సిటీ నాలుగు లైన్లలో జవాబిచ్చింది. రాసుకున్నది రాసుకున్నట్టే ఉంటుందని అప్పీలు కొట్టేసింది. గదిలో మాట బయటపెట్టినందుకు తన్మయిని కమిటీ నుంచి తొలగించారు.

గురువారం ఫరహ్ వెళ్ళిపోయింది. విమానాశ్రయంలో అందరినీ కావలించుకుంది. తన్మయి దగ్గరికొచ్చి చెయ్యి మాత్రం పట్టుకుంది. క్షమించానని అనలేదు. మా నాయన ముందు దొంగ మాదిరి దిగాల్సి వస్తాండాది అని మాత్రం అంది. తన్మయి ఆ మాట ఎన్నాళ్ళకి మరిచిపోగలదు?

సోమవారం శేషాద్రి విచారణ. కారిడార్‌లో నలభై మంది ఉన్నారు. ఫరహ్ వెళ్ళిపోయాక అతనూ వద్దనలేదు. నేపాలీ పిల్లలు వచ్చారు, లెబనీస్ పిల్లలు వచ్చారు. శేషాద్రి ఒక్కడే లోపలికి రావాలని, మిగతావాళ్ళు వెళ్ళిపోవాలని ఆఫీసు మనిషి చెప్పింది.

శేషాద్రి వెనక్కి తిరిగి వాళ్ళందరినీ చూశాడు. గుమ్మం దాకా నడిచి, అక్కడే నేల మీద కూర్చున్నాడు. తనని ఏం అడిగినా ఇక్కడే, వీళ్ళందరూ వింటుండగా అడగమన్నాడు. ఒకరి తర్వాత ఒకరు నలభై మందీ కూర్చున్నారు. లోపల నుంచి తలుపు మూసుకుంది. మధ్యాహ్నం దాకా తెరుచుకోలేదు.

ఆ మధ్యలోనే, వాళ్ళతో పాటు కూర్చున్న తన్మయి ఫోనుకి యూనివర్సిటీ నుంచి ఈమెయిల్ వచ్చింది. రహస్యం బయటపెట్టినందుకు ఆమె మీద కూడా విచారణ. ఆమె లేచి నిలబడి అందరికీ చదివి వినిపించింది.

"విచారణ ఎప్పుడన్నావు?" అని అడిగింది రత్నకుమారి.

"పద్నాలుగున. పొద్దున పదింటికి."

రత్నకుమారి వృద్ధాశ్రమానికి ఫోన్ చేసి, పద్నాలుగున డ్యూటీకి రాలేనంది. కారిడార్‌లో మిగతావాళ్ళు కూడా ఫోన్లు తీసి షిఫ్టులు మార్చుకోవడం మొదలుపెట్టారు.