కొత్త కాంక్రీటు కింద పాత గొట్టం

నాన్న పోయాక మొదటిసారి, ఈ అక్టోబరులో, ఊళ్ళో ఇంటింటికీ వంతున తిరిగే చర్చి పూజ, వంతు పూజ, మా ఇంటికి వచ్చింది. ఫాదర్ వంటగది బల్ల మీదే పూజ చేస్తాడు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా వస్తారు. తర్వాత టీ, హామ్ శాండ్‌విచ్‌లు, ఆ పైన ఏడాది పొడుగునా మా ఇంటి గురించి మాటలు. అందుకే వంతు పడ్డవాడు గోడలకు రంగు వేయిస్తాడు, అప్పటిదాకా కంటికి ఆనని బూజు దులుపుతాడు. నేను వాకిటి బురద మీద కాంక్రీటు పోయించాను. సగం బతుకు ఇంగ్లాండులో ఎవరెవరి వాకిళ్ళలోనో కాంక్రీటు పోసి, నా వాకిట్లో జనం చేత బురద తొక్కిస్తానా?

పదిహేనో ఏట బడి మానేసి ఇంగ్లాండు పడవ ఎక్కినవాణ్ణి. తిరిగొచ్చి ఆరేళ్ళవుతున్నా ఈ ఊరికి నేను ‘ఇంగ్లీషోడి’నే. ఈ ఒక్క పూజ దర్జాగా జరిగితే నన్నూ ఇంటి యజమానిగా లెక్కలో వేస్తారని ఆశ.

పూజ శుక్రవారం. సోమవారానికి కుళాయి ధార నూలుపోగంత సన్నబడింది.

“కెటిల్ నిండేలోపు నా నడుం పడిపోతోందయ్యా,” అంది మా ఆవిడ అట్రాక్టా. “ఊరందరి కప్పులూ దేంతో కడగను? ఫాదర్ మంత్రించిన నీళ్ళతోనా?”

వంతు పక్కింటికి ఇచ్చేద్దామని కూడా అంది. అంతకన్నా బావిలో దూకడం నయమన్నాను. మనది బోరు, దూకడానికీ కుదరదని గుర్తుచేసింది.

పంపు గదిలోకి వెళ్ళాను. మోటారు ఆగకుండా తిరుగుతోంది, పీడనం చూపే ముల్లు మాత్రం సగం దాటి పైకి రావడం లేదు. ముందు ఫిల్టరు విప్పాను. ఇనుప తుప్పుతో బెల్లంపాకంలా ఉంది. కొత్తది వేసినా ధార మారలేదు. తర్వాత పీడనం ట్యాంకు మీద అనుమానం. దాని నెత్తిన ఉన్న వాల్వు నొక్కాను. లోపలి రబ్బరు తిత్తి చిరిగితే నీళ్ళు రావాలి, గాలే వచ్చింది. ఈ వేసవి ఎండలకు బోరు ఎండిందేమోనని రెండు రోజులు ఆకాశాన్ని తిట్టాను. గురువారం పొద్దున గానీ బుద్ధి రాలేదు. ఇంటివైపు వెళ్ళే వాల్వు పూర్తిగా కట్టేశాను. ముల్లు గబగబా పైకెక్కింది, మోటారు టక్కున ఆగింది.

బోరూ బాగుంది, పంపూ బాగుంది. నీళ్ళు పోతున్నది ఇక్కడికీ వంటగదికీ మధ్య, నేలలో. ఆ నేల మీద ఇప్పుడు నా కాంక్రీటు ఉంది.

గొట్టం ఎటు పోతుందో నాకు తెలియదు. అది వేసినప్పుడు నేను ఇంగ్లాండులో ఉన్నాను. నాన్నతో కలిసి కందకం తవ్వింది తమ్ముడు ఫింటన్. వాడు ఇక్కడే ఉండి చాకిరీ చేస్తే నాన్న ఇల్లూ పొలమూ పెద్దకొడుకునని నాకు రాశాడు, వాడికి దారికి అవతల బంగళా కట్టుకునేంత జాగా ఇచ్చాడు. నాన్నను పూడ్చిన రోజు నుంచి మాకు మాటల్లేవు.

వాడి గేటు దగ్గరికి వెళ్ళాను. కారు తుడుస్తున్నాడు.

“రా అన్నా. ఇంగ్లాండు నుంచి రావడం తేలికే గానీ, ఈ దారి దాటడానికి ఆరేళ్ళు పట్టింది నీకు.”

గొట్టం సంగతి అడిగాను. పంపు గది నుంచి గోడ మూల దాకా, అక్కడ వంపు తిరిగి వంటగదికి అని చెప్పాడు. లోతు తక్కువేనట, కింద రాయి తగిలిందట.

“కాంక్రీటు లారీ వెనక చక్రాలు నిలబడింది సరిగ్గా ఆ వంపు మీదే,” అన్నాడు గుడ్డ పిండుతూ.

“చూశావా?”

“ఈ గేటు దగ్గరే నిలబడి చూశాను.”

“ఒక్క కేక వేస్తే పోయేది కదరా.”

“ఆ ఇంట్లో నన్ను అడిగి ఏం చేశారు గనక, పిలవకుండా చెప్పడానికి? కావాలంటే మా కుళాయి నుంచి గొట్టం లాక్కో. దారికి అడ్డంగా పడి ఉంటే ఊరు ముచ్చటపడుతుంది.”

వెనక్కి వచ్చాను. సుత్తీ గునపమూ తీసుకుని ఇంకా వారం నిండని నా పనిని నేనే పగలగొట్టాను. వంపు దగ్గర గొట్టం నలిగి, చీలి, గులకరాళ్ళలోకి నీళ్ళు కక్కుతోంది. కొత్త ముక్క అతికించాను. కుళాయి తిప్పితే ధార సింకులో పడి ఎగిరి అట్రాక్టా గౌను తడిపింది. చాలా రోజులకు నవ్వింది.

గొయ్యి పూడ్చే వ్యవధి లేదు. పైన చెక్కలు పరిచాను. శుక్రవారం సాయంత్రం వచ్చినవాళ్ళంతా దాని చుట్టూ తిరిగి లోపలికి వచ్చారు. ఇంగ్లాండులో కాంక్రీటు ఇలాగే పోస్తారా అని ఒకడు నవ్వుతూ అడిగాడు.

ఫింటన్ కూడా వచ్చాడు. వంతు పూజకు రాకపోతే వాడి పేరు పోతుంది. నా పక్కనే చోటు చూసుకుని నిలబడ్డాడు. పూజ మధ్యలో, చేతులు కలిపి ఒకరికొకరు శాంతి చెప్పుకోమని ఫాదర్ అనగానే చేయి చాపాడు. పట్టుకున్నాను. పట్టుకోక ఏం చేయను, వంటగది నిండా ఊరు.

“శాంతి,” అన్నాడు అందరికీ వినపడేట్టు.

“శాంతి,” అన్నాను.

వెనకనున్న ముసలామె కళ్ళు తుడుచుకుంది, అన్నదమ్ములు కలిశారని. తర్వాత టీలు నేనే అందించాను. వాడి కప్పు మాత్రం అట్రాక్టా చేత పంపించాను.