చర్చి కింది బొగ్గు

పాపం ఒప్పుకున్నందుకు బోనిఫాత్సీ పని పోయింది.

ఈస్టరుకు ముందు వారం. మా పెన్సిల్వేనియా గని బస్తీలో ఉన్న ఒక్క చర్చీ ఐరిష్ వాళ్లది. అక్కడి ఫాదర్‌కు పోలిష్ రాదు, మాకు ఇంగ్లీషు రాదు. అందుకని పాపసంకీర్తనం దగ్గర మధ్యలో స్లివాను కూర్చోబెట్టారు. స్లివా మావాడే, కంపెనీ దుకాణంలో గుమాస్తా. మేం పోలిష్‌లో చెప్పిన పాపాన్ని ఫాదర్‌కు ఇంగ్లీషులో అప్పజెప్పడం అతని పని. రహస్యంగా కార్మికుల యూనియన్‌లో చేరే ప్రమాణం చేశానని, ఫాదర్ వద్దన్నా చేశానని బోనిఫాత్సీ మోకాళ్లమీద కూర్చుని చెప్పుకున్నాడు. దేవుడు క్షమించాడో లేదో గానీ కంపెనీ క్షమించలేదు. సోమవారం గని ముందు అతని దీపం అతనికి ఇవ్వలేదు. దీపం లేనివాణ్ణి కిందికి దిగనివ్వరు.

వరసలో అతని వెనకే నేనున్నాను. స్లివా చెవులు రిక్కించి విన్న తీరు నా కళ్లతో చూశాను. నా పాపాలు నాలోనే దిగమింగుకుని ఇంటికొచ్చేశాను.

సోమవారం సాయంత్రం మా వంటింట్లో కాలు పెట్టే చోటు లేదు. మా ఇంట్లో అద్దెకుండే గని కుర్రాళ్లు, చుట్టుపక్కల ఆడవాళ్లు, అందరూ ఒకేసారి అరుస్తున్నారు. బోనిఫాత్సీ కూర్చోలేక పొయ్యికీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాడు.

"దేవునికి జెప్పిన మాట దొర చెవిలకెట్ల పోయింది? మన చర్చి మనకు గావాలె. మన మాట తెలిసిన ఫాదర్ గావాలె!"

నా మొగుడు వాలెంటీ గోడకు ఆనుకుని పైపు కాలుస్తున్నాడు. "ఇల్లు కంపెనీది, పొయ్యిల బొగ్గు కంపెనీది. చర్చి గడ్తమంటే బజార్ల పడతం. ఊకోండ్రి."

"సచ్చినంక ఆత్మ గూడ కంపెనీకే ఇద్దామారా?" అంది స్కొలాస్టికా అవ్వ. ఆమె ఇద్దరు కొడుకుల్ని గని మింగింది.

"ఈ మనిషికి పిరికితనం పుట్కతోనే వచ్చింది, ఇడ్సిపెట్టు అవ్వా," అన్నాను నేను. వాలెంటీ తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడు. పదిమంది ముందు అన్నానని బాధ లేదు, నాకప్పుడు ఒళ్లు మండుతోంది.

బిషప్ దగ్గరికి వెళ్లాం. క్రిస్మస్ లోపు చర్చి కట్టి చూపిస్తే పోలిష్ ఫాదర్‌ను పంపుతానన్నాడు. ఈ బొగ్గుముఖాలు కట్టినప్పుడు కదా అనుకుని ఉంటాడు. కొండవాలున ఒక జర్మన్ రైతు దగ్గర ముక్క నేల కొన్నాం. గనిలోంచి పైకొచ్చినవాళ్లు ముఖం కూడా కడుక్కోకుండా కొండెక్కేవాళ్లు. ఆడవాళ్లం ఆప్రాన్లలో రాళ్లు మోశాం. కొన్నాళ్లకు వాలెంటీ కూడా రంపం పట్టుకుని వచ్చాడు. నేను దూలం కదలకుండా పట్టుకున్నాను, అతను కోశాడు. చలి మొదలయ్యేనాటికి గోడలు లేచాయి, కప్పు ఒక్కటే మిగిలింది.

అప్పుడు గని నడిపే హార్‌గ్రీవ్స్ దొర హుకుం వచ్చింది. మా చర్చి కింద ఉన్న పాత సొరంగంలో పిల్లర్లు తీయాలట.

బొగ్గు తవ్వేటప్పుడు పైకప్పు కూలకుండా అక్కడక్కడా బొగ్గునే పిల్లర్లుగా వదిలేస్తాం. వాటిని తీస్తే పైన నేల కుంగుతుంది, నేల మీద ఉన్నది పగులుతుంది.

"నేల మేం కొనుక్కున్నం!" అని బోనిఫాత్సీ దొర ఆఫీసు ముందు గొంతు చించుకున్నాడు.

"పైన నేల మీది, కింద బొగ్గు మాది," అని దొర స్లివాతో చెప్పించాడు. ఆ రైతు తాతల నాడే కింది బొగ్గు కంపెనీకి అమ్మేశారు. మా పోలెండు ఊళ్లలో పొలం కొంటే పాతాళం దాకా కొన్నట్టే. రోజూ ఆ నేల కడుపులో పాకే మాకే, ఆ కడుపు ఎవరిదని అడగాలని తోచలేదు. మా బుద్ధిని చెప్పుతో కొట్టాలి.

పిల్లర్లు తీసే పని వాలెంటీ ముఠాకే వేశారు. మా చేతులతో కట్టింది మా చేతులతోనే కూల్చాలి.

పొద్దున గని ముందు అందరం గుమిగూడాం. వాలెంటీ చేతిలో దీపం ఉంది. దిగితే చర్చి పోతుంది, దిగకపోతే ఇల్లు పోతుంది. అతను దొర ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"దొరా, ఒక మాటడుగుత. మీ బంగళా కింద గూడ పిల్లర్లున్నయి. మీరు వదలమంటే నేనే వదిలిన. అవెప్పుడు తీయమంటరు?"

జనం గొల్లున నవ్వారు. ఆ మాట దొరకు చెప్పాల్సిన స్లివా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏందిరా, నాలుకను పిల్లి ఎత్కపోయిందా? జరుగు, నేను జెప్త," అంటూ డోలన్ ముందుకొచ్చాడు. ఐరిష్ వాడు, ఏళ్ల తరబడి వాలెంటీ పక్కనే బొగ్గు కొట్టినవాడు, వచ్చీరాని పోలిష్ నేర్చినవాడు. ఆ మాట కొండంతా వినబడేలా ఇంగ్లీషులో అరిచాడు. ఈసారి ఐరిష్ వాళ్లు నవ్వారు.

దొర ముఖం కందగడ్డయింది. కంపెనీ పోలీసులు వాలెంటీ రెక్కలు విరిచి పట్టుకుని జైలు బండెక్కించారు. అతను నావైపు చూశాడు. ఆ పిరికివాణ్ణి చూసి నాకు గర్వంతో ఏడుపొచ్చింది. ముఠా మొత్తం దిగబోమని దీపాలు ఆర్పేసింది. తర్వాత డోలన్ ఆర్పాడు, వెనకే మిగతా ఐరిష్ వాళ్లు.

మర్నాడే ఇళ్లు ఖాళీ చేయించారు. మంచాలు, పొయ్యిలు, ఊరగాయ క్యాబేజీ పీపాలు, అన్నీ వడగళ్ల వానలో పడేశారు.

"వేరే ఊరు పోదామా అక్కా?" అన్నాడు బోనిఫాత్సీ.

"ఎందుకు పోతం? మనకు ఇల్లున్నది గదా!" అని నేను పొయ్యి నెత్తికెత్తుకున్నాను.

కప్పులేని చర్చిలో గుడారం గుడ్డలు కట్టి పొయ్యిలు వెలిగించాం. సాయంత్రానికి దొర పోలీసుల్ని వెంటేసుకుని వచ్చాడు. ఇది కూలుతుంది, దిగిపోండని స్లివాతో చెప్పించాడు. నేను గుమ్మంలోకి వచ్చాను.

"పైన నేల మాదని నువ్వే అన్నవు గదా దొరా. పైన మేమున్నం, మా పిల్లలున్నరు. ఇప్పుడు కింద తవ్వమను. తవ్వేటోడు ఎవడో తోల్కరా, మొఖం సూస్తం!"

తవ్వేవాడు ఆ లోయలో ఒక్కడూ లేడు. దొర బండి మళ్లించాడు. ఆ బండికి పక్కకు తప్పుకుని డోలన్ పెళ్లాం కొండెక్కి వచ్చింది. నెత్తిన పరుపు, చంకలో బిడ్డ. వాళ్లనూ బయటికి గెంటేశారు. ఆమె మాట మాకు రాదు, అయినా చెయ్యి తిప్పి చోటుందా అని అడుగుతోందని అర్థమైంది.

బలిపీఠం కట్టాల్సిన చోటు ఒక్కటే ఖాళీగా ఉంది. ఆమె పరుపు అక్కడ వేయించాం.