పదహారేళ్ళప్పటి రెండు ఎఫ్‌లు

డాక్టరు కావాలంటే డిగ్రీలో బయాలజీ తీసుకోవాలి. అమెరికాలోని కెంటకీ కొండల్లో ఆ మాట ఎవరు మొదలుపెట్టారో తెలీదు గానీ, పాస్టరు దగ్గర్నుంచి పెట్రోలు బంకులో కాఫీ పోసే ముసలామె దాకా అందరిదీ అదే పాట. టెస్సా స్లోన్ వేరేగా ఆలోచించిందా అంటే అదీ లేదు. కాలేజీలో రెండో ఏడు ముగుస్తోంది, మేజర్, అంటే ముఖ్య సబ్జెక్టు ఏదో శుక్రవారం సాయంత్రంలోగా రాసివ్వాలి. గురువారం పొద్దున్నే ఆ అమ్మాయి గుండ్రటి అక్షరాలతో 'బయాలజీ' అని రాసుకుని, సంతకం కోసం అబర్నాతీ గదికి వెళ్ళింది.

మెడిసిన్ ఆశపడే పిల్లలకు ఆ కాలేజీలో ముప్పయ్యేళ్ళుగా దారి చూపేది రూథాన్ అబర్నాతీ. దారి చూపుతుందో మూస్తుందో దేవుడికే తెలియాలని పిల్లలు వెనకాల గొణుక్కుంటారు. మెడికల్ స్కూళ్ళకు కాలేజీ తరఫున వెళ్ళే సిఫారసు ఉత్తరం ఆవిడ కమిటీ చేతిలో ఉంది. సైన్సు సగటు నాలుగుకి మూడున్నర లేనివాళ్ళకు ఆ ఉత్తరం రాదు. గవర్నరు కొడుక్కైనా రాదు.

"మూడు పాయింట్ ఆరు. ఫరవాలేదు," అంది అబర్నాతీ, కళ్ళజోడు పైకి తోసుకుంటూ. "ఇక్కడికి రాకముందు ఇంకే కాలేజీలోనైనా చదివావా?"

"లేదు మేడమ్."

"హైస్కూల్లో ఉండగా? పక్క టౌన్లో కాలేజీవాళ్ళు మీ స్కూలు పిల్లలకి ఉచితంగా చెప్తారు చూడు, ఆ క్లాసులు?"

"రెండు తీసుకున్నా. బయాలజీ, కెమిస్ట్రీ. కానీ వెళ్ళలేదు మేడమ్. అప్పుడు మా అమ్మకి క్యాన్సరు."

"ఏమొచ్చాయి?"

"రెండూ ఎఫ్. ఫెయిలయ్యా. ఇక్కడ వాటిని లెక్కలోకి తీసుకోలేదు కదా?"

"డిగ్రీకి మేం తీసుకోం. మెడికల్ స్కూళ్ళు తీసుకుంటాయి, ఉత్తరానికి మా కమిటీ చూసేదీ వాళ్ళ లెక్కే. నువ్వు ఏ కాలేజీలో పేరు రాయించుకున్నా, పదహారేళ్ళప్పుడైనా సరే, ప్రతి గ్రేడూ చూపించమంటారు. దాచావో, మోసం చేశావని గెంటేస్తారు."

ఉచితం అనేసరికి ఎగబడతారు జనం. హైస్కూలు కౌన్సెలరు పిల్లల్ని గొర్రెల్లా తోలి ఆ క్లాసుల్లో పేర్లు రాయించాడు, పేపర్లో ఫోటో కూడా వేయించుకున్నాడు. ఇవి మీ జన్మంతా వెంట వస్తాయర్రా అని ఒక్కరోజైనా చెప్పి చచ్చాడా!

అబర్నాతీ కాగితం మీద లెక్క వేసింది. ఇకనుంచి బయాలజీలో ప్రతి సబ్జెక్టుకీ అన్నిటికన్నా పై గ్రేడే తెచ్చుకున్నా, డిగ్రీ చేతికొచ్చేసరికి సగటు మూడు పాయింట్ నాలుగు దగ్గర ఆగిపోతోంది. రెండోసారి వేసినా అంతే, ఉత్తరానికి కావలసిన మూడున్నర రాలేదు.

"పోనీ చరిత్ర తీసుకుంటే?" అంది టెస్సా. ఆ క్లాసులో ఆమెదే మొదటి స్థానం.

"సైన్సు క్లాసులు తగ్గితే ఆ ఎఫ్‌ల బరువు పెరుగుతుంది. ఇంకా కిందికి పోతావు. డిగ్రీ అయ్యాక మళ్ళీ రెండు మూడేళ్ళు చదివి ప్రయత్నించొచ్చు. నేను చూస్తుండగా తొమ్మిదిమంది ఆ దారిన వెళ్ళారు. ఒక్కడు చేరాడు." ఆవిడ పెన్ను కింద పెట్టింది. "ఆ క్లాసులు మానేస్తానని అప్పట్లో కాగితం పెట్టావా? అప్పుడే రాసిన రుజువుంటే ఆ కాలేజీవాళ్ళని నేను పట్టుకుంటాను. ఎఫ్‌లు కొట్టేయిస్తాను."

"రాశానండీ! మైనర్ని కదా, సంతకం చేసి ఇవ్వమని మా నాన్నకిచ్చా."

"అయితే పరిగెత్తు."

ఆమె రెండు గంటలు కారు నడుపుకుంటూ ఇంటికి పోయింది. తండ్రి వెండెల్ స్లోన్ స్కూలు బస్సు డ్రైవరు. సాయంత్రం ట్రిప్పు ముగించుకొచ్చి, బీన్స్ పులుసులో మొక్కజొన్న రొట్టె నలుపుకుంటున్నాడు.

"ఏమే డాక్టరమ్మా, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డావు! పళ్ళెం తెచ్చుకో."

"నాన్నా, అమ్మ హాస్పిటల్లో ఉన్నప్పుడు నీకో కాగితం ఇచ్చా గుర్తుందా? ఆ క్లాసులు మానేస్తానని."

వెండెల్ చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "గుర్తుంది."

"వాళ్ళకిచ్చావా?"

"ఇవ్వలేదే తల్లీ. సంతకం పెడుతుంటే మీ అమ్మ చూసింది. నా కోసం పిల్ల చదువు మానేసిందనే మాట మోసుకుని నేను పోలేను వెండెల్, చింపెయ్ అంది. ఆ స్థితిలో ఉన్న మనిషికి కాదని ఎలా చెప్పేది? ఆవిడ ఎదురుగానే చింపేశా. నువ్వెలాగూ వెళ్తూనే ఉన్నావు కదా అనుకున్నా. రోజూ నర్సులతో గొప్పలు పోయేది, మా పిల్ల కాలేజీకెళ్ళింది, మా పిల్ల కాలేజీకెళ్ళింది అని."

టెస్సా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్నాళ్ళూ నాన్న ఇవ్వడం మరిచిపోయాడనీ, కాగితం ఇంట్లోనే ఎక్కడో పడుందనీ అనుకుంది. గ్రేడ్లు వచ్చింది అంత్యక్రియలైన వారానికి, ఆ ఇంట్లో ఎవరు ఎవర్ని అడుగుతారు?

"నేను వెళ్ళలేదు నాన్నా."

"ఎక్కడికి?"

"క్లాసుకి. టైమైంది పోవే అని అమ్మ తరిమేది కదా. బయటికొచ్చి హాస్పిటల్ నడవలోనే కూర్చునేదాన్ని. అమ్మ గది తలుపు పక్కనే. క్లాసు అయ్యే వేళకి లేచి లోపలికొచ్చేదాన్ని."

"ఎన్నాళ్ళు?"

"అన్నాళ్ళూ."

"ఓసి పిచ్చిదానా! లోపలికొచ్చి మీ అమ్మ పక్కన కూర్చోవచ్చు కదే!"

"వస్తే అమ్మకి తెలిసిపోదూ?"

చదువు చెడకూడదని తల్లి, తల్లి మనసు చెడకూడదని కూతురు. ఒకే గోడకి చెరోవైపు ఇద్దరూ నాలుగు నెలలు గడిపారు. క్లాసూ దక్కలేదు, అమ్మా దక్కలేదు. ఎంత దిక్కుమాలిన ప్రేమలో ఈ మనుషులవి!

వెండెల్ లేచి సింకు దగ్గరికి పోయి, కడగడానికేమీ లేకపోయినా కొళాయి తిప్పాడు. "అప్పుడే ఆ కాగితం ఇచ్చేసుంటే నువ్వు లోపలుండేదానివి. ఆఖరి రోజుల్లో అది నిన్ను చూసుకుంటూ ఉండేది," అన్నాడు. కాసేపటికి చటుక్కున ఇటు తిరిగాడు. "ఇప్పుడెందుకడుగుతున్నావు? దానివల్ల నీ డాక్టరు చదువుకేమీ అడ్డం లేదు కదా?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. టెస్సా ఆయన మొహంలోకి చూసింది. ఉన్న నేరమే మోయలేక కొళాయి పట్టుకుని నిలబడ్డాడు మనిషి, దాని మీద ఇంకోటి పెట్టాలంటే రాక్షసి అయ్యుండాలి.

"ఛ ఛ, అదేం లేదు. పాత కాగితాలు సర్దుకుంటుంటే గుర్తొచ్చింది."

"నిజంగా?"

"నిజంగానే నాన్నా. రొట్టె చల్లారిపోతోంది, వచ్చి తిను."

మర్నాడు మధ్యాహ్నానికి ఆమె మళ్ళీ అబర్నాతీ గదిలో ఉంది. "దొరికిందా?" అంటే తల అడ్డంగా ఊపింది. ఎందుకు దొరకలేదో కూడా చెప్పింది, ఏమీ దాచలేదు. అబర్నాతీ అంతా విని బల్ల మీది కాగితం ఇటు తిప్పింది.

"సరే, ఇది చింపేద్దాం. చరిత్ర అని రాయి. అందులో నీకు మంచి పట్టుంది, హాయిగా బతుకుతావు."

"వద్దు మేడమ్. బయాలజీయే ఉంచండి."

"నిన్న నీకు లెక్క అర్థం కాలేదా?"

"అర్థమైంది. చరిత్ర అని రాస్తే ఎందుకు మార్చావని అడుగుతాడు మా నాన్న. అడిగితే ఇవాళ కాకపోతే రేపైనా నిజం పట్టేస్తాడు. బయాలజీ అయితే ఏమీ అడగడు. ఇంకో రెండేళ్ళు డాక్టరమ్మా అని పిలుచుకుంటాడు."

"రెండేళ్ళయ్యాక ఏం చెప్తావు?"

"సీటు రాలేదంటాను. నా తెలివి చాల్లేదంటాను. ఆ మాటైతే ఆయన మోయగలడు."

అబర్నాతీ పెన్ను కోసం బల్లంతా వెతికింది, అది ఆవిడ చేతిలోనే ఉంది. చివరికి బయాలజీ అన్న మాట కింద సంతకం పెట్టి, కాగితం ఆ అమ్మాయికి ఇచ్చింది.