రెండు జానలు, మూడు వేళ్లు

సెల్మో రెగో పెన్సిలు చెక్కుతున్నాడు. చాకుకి బొటనవేలు ఆనించి, పొట్టు ఒక్క ముక్కా నేల మీద పడకుండా అరచేతిలోకి రాల్చుకుంటూ, నిదానంగా చెక్కుతున్నాడు. ఎదురుగా గోడనిండా అతిథిగృహం గదుల చెక్కబోర్డు. అడ్డంగా ఎనిమిది గదులు, నిలువుగా మే నుంచి అక్టోబరు దాకా వారాలు. గడికో మేకు, మేకుకో చీటీ, చీటీ మీద పెన్సిలుతో రాసిన పేర్లు. జనవరి గాలి కిటికీ రెక్కల్ని పట్టుకుని ఊపుతోంది. అమెరికా తూర్పు తీరాన సముద్రం అంచునున్న ఈ ప్రావిన్స్‌టౌన్ వీధుల్లో ఈ నెలలో మనుషులకన్నా సీగల్ పక్షులే ఎక్కువ. అయినా ఊరి వేసవి మొత్తం ఈ నెలలోనే, ఇలాంటి గోడల మీదే తయారవుతుంది.

ఫోను మోగింది.

"ఎలుగుల వారానికి గది ఉందాండీ?" అంది ఒక ఆడగొంతు. "మేం నలుగురం. పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. మరీ... ఎలుగుబంట్లు ఇంటి దాకా వచ్చేస్తాయా?"

సెల్మో చాకు ఆపాడు. జూలైలో ఆ వారమంతా గడ్డాలూ బొజ్జలూ ఒళ్లంతా జుట్టూ ఉన్న మగవాళ్లు, మగవాళ్లనే ప్రేమించేవాళ్లు, చేతులు పట్టుకుని ఊరు తిరుగుతారు. ఎలుగులన్నది వాళ్లకి వాళ్లు ముద్దుగా పెట్టుకున్న పేరు.

"వస్తాయమ్మా. పొద్దున ఫలహారం బల్ల దాకా వస్తాయి. కాఫీ కూడా తాగుతాయి," అన్నాడు. అంతలోనే అనుమానం తగిలింది. "ఇంతకీ నీచేత ఈ ఫోను చేయించిందెవరు? ఆ తుంటరి ఫెలిక్సేనా?"

అవతల ఆవిడ పెట్టేసింది. సెల్మో ఫోను వంక ఇంకాసేపు చూశాడు. అనుమానం పెనుభూతం అంటారు గాని, సెల్మో దగ్గర అది పెంపుడు కుక్కలా ఉండేది. పాలడబ్బా మూత తీస్తే ముందు వాసన చూడాలి. వేసిన తాళాన్ని వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూడాలి. ఈ అతిథిగృహంలో ఇరవై తొమ్మిదేళ్లుగా పక్కలు పరుస్తూ, గదులు కేటాయిస్తూ అతను నేర్చుకున్న చదువు ఒక్కటే: ఈ ఊరొచ్చే మగవాడు ముందు అబద్ధపు పేరు చెబుతాడు, నాలుగో రోజుకి అసలు పేరు చెబుతాడు. అందుకే అతనికి మాట మీదకన్నా మాటకు ముందు పీల్చే ఊపిరి మీద నమ్మకం.

ఈ పొద్దున అతన్ని కాల్చుకు తింటున్నదీ ఒక ఊపిరే. ఫోనుకి తగిలించిన టేపుపెట్టె మీట మళ్లీ నొక్కాడు. ఇది ఏడోసారి.

"సెల్మో, నేను, హార్లన్ని. ఈసారి కార్నివాల్ వారం కావాలి. మూడో నంబరు గది." ఆగాడు. ఊపిరి పీల్చాడు. "ఇద్దరికి."

హార్లన్‌ది ఒహాయోలో చిన్న ఊరు. అక్కడి చర్చిలో ఆర్గన్ అనే పెద్ద వాయిద్యం వాయిస్తాడు. ఇరవై ఆరేళ్లుగా ప్రతి జనవరిలో ఫోను చేసి అడిగే ప్రశ్న ఒక్కటే: "ఫొటోలు తీసేవాళ్లు రాని వారం ఏది?" అందరూ పండగ చూసుకుని సెలవు పెట్టుకుంటే, ఇతగాడు పండగలన్నీ తప్పించుకుని పెట్టుకునేవాడు. పడవల దీవెన పండగ వద్దు, ఎలుగులు వద్దు, ఆగస్టు కార్నివాల్ ఊరేగింపయితే పేరు కూడా ఎత్తొద్దు. ఎవడి కెమెరాలోనైనా పడితే ఆ ఫొటో ఒహాయో చేరుతుంది. చేరితే ఆర్గన్ మూత మళ్లీ తెరవనివ్వరు. అందుకని సెల్మో ఏటా బోర్డంతా వెతికి, సెప్టెంబరులో ఏ పండగా లేని ఒక బోసి వారాన్ని అతని కోసం పట్టి ఉంచేవాడు. ఏడాదికి ఏడు రోజులు. మిగతా రోజులన్నీ సెల్మోకి ఆ ఏడు రోజులకి ముందూ వెనకా.

ఇప్పుడు ఆ మనిషికి కార్నివాల్ కావాలట. ఇద్దరికట.

"ఇంకా దాన్నే వింటున్నావా ముసలాయనా? టేపు అరిగిపోతుంది," అంటూ ఒడెట్ మెట్లు దిగింది. ఈ ఇంటి యజమానురాలు. చేతిలో రంగు డబ్బా, జుట్టు మీద పచ్చరంగు చుక్కలు. పై గదికి రంగేస్తోంది.

"ఈ గొంతు అతనిదేనంటావా తల్లీ? సన్నగా లేదూ?"

"జలుబు చేసుంటుంది."

"ఇద్దరికి అంటున్నాడు."

"అంటే ఇద్దరికని. లెక్క రాదా నీకు?" నవ్వింది ఒడెట్. మళ్లీ అతని మొహం చూసి నవ్వు తగ్గించింది. "చూడు, మూడో గది కోసం ఫిలడెల్ఫియా వాళ్లిద్దరూ నిన్నట్నుంచి నా ప్రాణం తీస్తున్నారు. మూడు దాటాక మళ్లీ చేస్తారు. ఈయనకిస్తావో, వాళ్లకిస్తావో, మూడింటికల్లా తేల్చు. నాకెవరైనా ఒకటే."

ఆమె పైకెళ్లింది. సెల్మో ఒక చీటీ తీసుకుని పెన్సిలుతో 'హార్లన్' అని రాశాడు. పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు. ఆ గుర్తు వంక చూస్తుంటే ఒళ్లు మండింది. పోయిన సెప్టెంబరులో హార్లన్ బొజ్జ కరిగింది. ఏమిటంటే, "తిండి తగ్గించాను," అన్నాడు. అరవై నాలుగేళ్లవాడు తిండెందుకు తగ్గిస్తాడు? ఎవడి కంటికో ఆనడానికి కాకపోతే! అదిగాక వెనక వసారాలో కూర్చున్నప్పుడు ఊరికే సెల్మో వీపు మీద చేయి పరిచి ఏదో కొలుస్తున్నట్టు జరిపాడు. "ఏమిటది?" అంటే "ఏం లేదు," అన్నాడు. ఏం లేదన్న చోటే ఏదో ఉంటుందని సెల్మోకి తెలియదా? వాడెవడో కుర్రాడు దొరికాడు. వాడికి ఊరేగింపు చూపించడానికి తీసుకొస్తున్నాడు. తన చేత్తోనే వాళ్లిద్దరికీ పక్క పరిపిస్తాడు.

ఫిలడెల్ఫియా వాళ్లకే ఇచ్చేద్దాం, అనుకున్నాడు. గది ఖాళీ లేదని చెప్పేస్తే పీడా పోతుంది.

వెంటనే రాసెయ్యలేదు. చీటీ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. జేబులో పెన్సిలూ రబ్బరూ ఎప్పుడూ ఉంటాయి. మొదట్లో ఈ బోర్డు లేదు. గోడకి పెద్ద కాగితం అంటించి సిరాతో రాసేవాడు. ఎయిడ్స్ మహమ్మారి ఏళ్లలో, ఒక వేసవికి పోయినవాళ్ల పేర్లు పద్నాలుగు కొట్టేయాల్సి వచ్చింది. ఎంత గట్టిగా కొట్టేసినా కింద పేరు కనిపించేది. ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టి ఈ మేకులు కొట్టాడు. అప్పట్నుంచీ పెన్సిలే. పెట్టె పట్టుకుని మనిషి గడప దాటి లోపలికొస్తే తప్ప సిరా ముట్టడు.

మధ్యాహ్నం చిరిగిన దుప్పట్ల మూట భుజాన వేసుకుని బయల్దేరాడు. వీధి తలుపు తాళం వేశాడు, పది అడుగులు వేశాడు, వెనక్కొచ్చి లాగి చూశాడు. మంచు మీద కుంటికాలు జాగ్రత్తగా వేస్తూ నడిచాడు. పద్నాలుగో ఏట నాన్న చేపల పడవ మీంచి జారిపడితే విరిగిన కాలది. అతుక్కుంది గాని పొట్టిగా అతుక్కుంది. "పడవ మీద నిలబడలేనివాడు ఒడ్డున పక్కలు పరుచుకోవాల్సిందే," అన్నాడు నాన్న. ఆ మాటే నిజమైంది. ఎవరెవరివో వేల పక్కలు పరిచాడు.

ఫెలిక్స్ ఇల్లు మూడు సందుల అవతల. వేసవిలో ఆడవేషం కట్టి పాటలు పాడతాడు, చలికాలమంతా ఊరేగింపు వేషాలు కుడతాడు. చిరిగిన దుప్పట్లు ఆ వేషాల లోపలి గుడ్డకి పనికొస్తాయి. సెల్మో వెళ్లేసరికి మిషను మీద నుంచి తల ఎత్తకుండానే, నోటి నిండా గుండుసూదులతో, "రావయ్యా సి.ఐ.డీ," అన్నాడు.

"పొద్దున ఎలుగుబంట్ల ఫోను నీ పనేనా?"

"నాకంత తీరికా? చూడు ఈ గొడవ!" సూదులు ఉమ్మేసి, బల్ల మీద ఎర్రగుడ్డ తాను చూపించాడు. "ఒహాయో నుంచి ఎవడో ఉత్తరం రాశాడు. కార్నివాల్‌కి రెండు కోట్లు కావాలట. బ్యాండు మేళం వాళ్లవిలా, ఇత్తడి గుండీలతో. ఒకటి అంగుళాల్లో పంపాడు, బాగానే ఉంది. రెండోదానికి కొలతలు జానల్లో పంపాడయ్యా! ఎవడి జాన? నీదా నాదా? నలభై ఏళ్లుగా కుడుతున్నాను, ఇలాంటి తిక్క మనిషిని చూళ్లేదు."

సెల్మో మూట కింద పడేసి బల్ల దగ్గరికొచ్చాడు. ఒహాయో. రెండు కోట్లు. దొరికాడు దొంగ!

"ఏదీ, ఇలా తే."

"ఊళ్లో వాళ్ల ఉత్తరాలు నీకెందుకు?" అంటూనే ఇచ్చాడు ఫెలిక్స్.

చేతిరాత అదే. పాట పుస్తకంలో స్వరాల్లా నిటారుగా, చిన్న చిన్న అక్షరాలు. సెల్మో కిటికీ దగ్గరికెళ్లి, ఆ కుర్రాడి ఒడ్డూ పొడవూ తెలుసుకుందామని చదివాడు.

'రెండో మనిషి: వీపు, భుజం నుంచి భుజానికి, నా చేత్తో రెండు జానలు, మూడు వేళ్లు. చేయి పొడవు, రెండు జానలు, ఒక బెత్తెడు. పంట్లాం కుడితే ఎడమ కాలు బొటనవేలంత పొట్టిగా ఉంచాలి. ఎడమ రొమ్ము మీద జేబు తప్పనిసరి. పెన్సిలు పట్టాలి.'

సెల్మో చేయి దానంతటదే లేచి తన భుజాన్ని పట్టుకుంది. అక్కణ్నుంచి రెండో భుజానికి పాకింది.

"గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాట్ట! ఏమిటయ్యా నీకు?" అన్నాడు ఫెలిక్స్. అతని కళ్లు సెల్మో భుజం నుంచి జేబులో పెన్సిలు మీదికి, అక్కణ్నుంచి కాలు మీదికి దిగాయి. "ఓరి నీ..." అని నోరు మూసుకున్నాడు. మూసుకోవడం అతని జీవితంలో బహుశా మొదటిసారి.

సెల్మో ఇంకా చదువుతున్నాడు. పై వరసలో హార్లన్ సొంత కొలతలు. నడుం, ఇరవై తొమ్మిది. నలభై అంగుళాల మనిషి! సెప్టెంబరులో కరిగాడనుకున్నప్పుడైనా ముప్పై ఆరుకి తగ్గడు. దాని కింద ఒక మాట: 'ఆగస్టుకి ఇంకా తగ్గొచ్చు. లోపలికి పట్టి కుట్టుకోవడానికి వీలుంచండి. రంగు మాత్రం ఎర్రగా ఉండాలి. వీధి చివర కెమెరాలక్కూడా కనపడాలి.'

ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టాడు. ఏ పిచ్చివాడూ పడనంత అనుమానం పడ్డాడు పొద్దుట్నుంచీ, ఆ అనుమానం నిజమైనా బాగుండేదనిపించింది. వాడెవడో కుర్రాడున్నా బాగుండేది.

"కూర్చో, కాఫీ పెడతాను," అన్నాడు ఫెలిక్స్ మెల్లగా.

"కుట్టు. త్వరగా కుట్టు," అని సెల్మో గుమ్మం దాటాడు.

ఇంటికొచ్చి కోటయినా విప్పకుండా ఫోను తిప్పాడు. చాలాసేపు మోగింది.

"హలో," అంది ఆ సన్నటి గొంతు. జలుబు కాదు.

"ఇద్దరికన్నావు. రెండోవాడెవడు?" అన్నాడు సెల్మో. తెలిసినా అడగకుండా ఉండలేకపోయాడు.

అవతల నవ్వు, నవ్వు వెంట దగ్గు. "ఒక కుంటాయన. ఉత్త అనుమానం మనిషి. జేబులో పెన్సిలు పెట్టుకు తిరుగుతాడు."

"నాతో ముందే చెప్పి ఏడవొచ్చు కదా?"

"చెబితే నమ్ముతావా నువ్వు? నా పేరు నమ్మడానికే నీకు మూడేళ్లు పట్టింది." ఆగి, ఊపిరి అందుకున్నాడు. "నువ్వు లోపల్నుంచి తలుపులేయడం, నేను కిటికీ తెరలు దింపడం. చాలు, సెల్మో. ఒక్కసారి వీధి నడిబొడ్డున నడుద్దాం. ఎవడు తీసుకుంటాడో తీసుకోనీ ఫొటో."

"ఆగస్టుకి ఇంకా ఏడు నెలలుంది, హార్లన్."

"డాక్టరూ అదే అన్నాడు."

కిటికీ రెక్క ఒకటి టపటప కొట్టుకుంది. సెల్మో లేచి దాన్ని బిగించలేదు.

"గది పట్టి ఉంచుతావా?" అన్నాడు హార్లన్.

"ఉంచుతాను. నువ్వొక పని చెయ్యి. రేపు సాయంత్రం నీ ఇంటి తలుపు గడియ పెట్టకు."

"ఎందుకు?"

"అన్నీ అడుగుతావేం? పెట్టకు."

మూడు దాటిన ఐదు నిమిషాలకి ఒడెట్ చేతులు తుడుచుకుంటూ కిందికి దిగింది. ఎప్పటిలా టీ పెట్టి లేదు. తాళాల గుత్తి ఫోను పక్కన ఉంది. తలుపు పక్క మేకుకి సెల్మో టోపీ లేదు. వీధి తలుపు చేరేసి ఉందంతే, తాళం వెయ్యలేదు. ఇరవై తొమ్మిదేళ్లలో ఆ తలుపు అలా ఉండటం ఆమె ఎరగదు. కిటికీలోంచి చూస్తే కొండమలుపు దగ్గర మూడింటి బస్సు చక్రాలు మంచు మీద వదిలిన రెండు గీతలు కనిపించాయి. నలభై ఏళ్లుగా ఊరి పొలిమేర దాటని మనిషి.

ఫోను మోగింది. ఫిలడెల్ఫియా వాళ్లు.

"ఒక్క నిమిషం, చూసి చెబుతాను," అని ఒడెట్ బోర్డు దగ్గరికి నడిచింది. ఆగస్టు. కార్నివాల్ వారం. మూడో గది. చీటీ మీద ప్రశ్న గుర్తు చెరిపిన మరక ఉంది. ఆ మరక మీదే, హార్లన్ పక్కన, సెల్మో రెగో అని ఉంది. రెండు పేర్లూ సిరాతో ఉన్నాయి. రెండో పేరు చివరి అక్షరం ఇంకా పూర్తిగా ఆరలేదు.

"లేదండీ. ఆ గది ఖాళీ లేదు. లేదు, ఎవరూ మానుకోరు," అంది ఒడెట్. ఫోను పెట్టేసింది.

చీటీ కింద, బోర్డు అంచు మీద, ఇన్నేళ్లలో ఆ చొక్కా జేబు విడిచి ఉండని రబ్బరు ముక్క ఉంది, అరిగి అరిగి చింతగింజంత అయినది.